సెప్టిక్ ట్యాంకు నీరు మా స్థలంలో ఇంకుతుందా?

ప్రశ్న: తెనాలికి దగ్గరలోని మా ఊళ్లో 15 సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకోబోతున్నాం. ఒకప్పుడు అది మాగాణి. రెండేళ్ల కిందట మూడడుగుల ఎత్తున ఎర్ర గ్రావెల్ తోలించి మెరక చేయించాం. దాని కింద నల్లమట్టి, సుమారు పన్నెండు అడుగుల లోతున ఇసుక ఉన్నాయని పక్కింటివారికి చేతిపంపు దించినవాళ్లు చెప్పారు. సెప్టిక్ ట్యాంకు పక్కన ఊట పడేదాకా తవ్వి వరలు దించితే, ఆ ఇసుక ఎన్ని నీళ్లయినా లాగేస్తుందని మా మేస్త్రీ అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి నేల పరీక్ష చేయకుండా ఒక్క గుంత కూడా తీయవద్దంటున్నాడు. మెరక చేయక ముందు ఆ భూమికి వ్యవసాయశాఖవారు ఇచ్చిన మట్టి పరీక్ష కార్డు మా దగ్గరుంది. అందులో లోపమేమీ లేదు. మొన్న మే నెలలో మేమే అడుగు లోతు గుంత తీసి బిందెడు నీళ్లు పోస్తే పావుగంటలో ఇంకిపోయాయి. ఇంతకు మించి పరీక్ష ఏం కావాలి? ఇంట్లో ఐదుగురం ఉంటాం. శ్రావణంలో శంకుస్థాపన. ట్యాంకు వద్దు, రెండు గుంతల మరుగుదొడ్డి చాలని నా భార్య అభిప్రాయం. మీ సలహా కావాలి.
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: మీరు అడిగినవాటిలో మిగిలినవన్నీ కాస్త ఆలస్యమైనా దిద్దుకోగలిగినవే గనుక, దిద్దుకోలేనిదాని గురించి ముందుగా చెబుతాను. ఊట పడేదాకా వరలు దించవద్దు. ఇసుక నీళ్లు లాగేస్తుందన్న మేస్త్రీ మాట అబద్ధం కాదు, కానీ మీ స్థలంలో పన్నెండు అడుగుల లోతున ఉన్న ఆ ఇసుక ఖాళీగా లేదు. అది భూగర్భజలంతో నిండి ఉన్న పొర, పక్కింటి చేతిపంపుకు నీరందిస్తున్నదీ అదే పొర. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేరుగా అక్కడికి దించడమంటే ఆ నీటిని ఇంకించడం కాదు, పక్కవారు తోడుకునే నీటిలో కలపడం. గుంత ఎప్పటికీ నిండదు, వాసన రాదు, అందుకే ఈ పద్ధతి మంచిదని ఊళ్లలో పేరు పడిపోయింది. నిండకపోవడానికి కారణం ఏమిటో ఎవరూ అడగరు.

సెప్టిక్ ట్యాంకు చేసే పని చాలామంది అనుకునేదానికంటే తక్కువ. మలంలోని ఘనపదార్థం అడుగుకు దిగుతుంది, కొవ్వు, నురుగు పైకి తేలతాయి, అడుగున చేరినదానిలో కొంత భాగం గాలి తగలని స్థితిలో జీర్ణమవుతుంది. మధ్యనుంచి బయటికి వచ్చే నీరు చూడటానికి తేటగా ఉన్నా, టైఫాయిడ్, కలరా, హెపటైటిస్ వంటి జబ్బులను మోసుకువచ్చే క్రిములు అందులో ఉండగలవు. ఆ నీటిని నిజంగా శుద్ధి చేసేది ట్యాంకు తర్వాత వచ్చే నేల, అదీ తడిసీ తడవనట్టుగా, రంధ్రాలలో గాలి ఆడుతూ ఉన్న నేల మాత్రమే. నీరు మట్టి రేణువుల చుట్టూ పలుచని పొరగా జారుతూ దిగే క్రమంలో క్రిములు రేణువులకు అంటుకుని చనిపోతాయి, నేలలోని సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని తినేస్తాయి. నేల పూర్తిగా నీటితో నిండి ఉన్నచోట గాలి ఉండదు, ప్రవాహం వేగంగా ఉంటుంది, ఈ పని దాదాపు ఆగిపోతుంది. అందువల్ల నీరు ఎంత వేగంగా ఇంకుతుంది అన్నది రెండో ప్రశ్న అవుతుంది, భూగర్భజలం ఎంత లోతున ఉంది, అదీ ఏడాదిలో అత్యంత తడిగా ఉండే రోజుల్లో ఎంత పైకి వస్తుంది అన్నది మొదటి ప్రశ్న.

మీ దగ్గరున్న మట్టి పరీక్ష కార్డు ఈ రెండింటిలో దేనికీ జవాబివ్వదు. ఆ కార్డు కోసం సాధారణంగా పైనున్న జానెడు మట్టిని తీసుకుని, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, కొన్ని సూక్ష్మపోషకాలు చూస్తారు. ఏ ఎరువు ఎంత వేయాలో నిర్ణయించడానికి అది పనికొస్తుంది. వరికి ఎంతో అనువైన నేల, నీటిని పట్టి ఉంచే గుణం వల్లనే, సెప్టిక్ ట్యాంకు నీటికి ఏమాత్రం అనువుగా ఉండకపోవచ్చు. పైగా ఆ నమూనా తీసిన మట్టి ఇప్పుడు మీ మెరక కింద మూడడుగుల లోతున ఉంది. ఇంటి పునాది కోసం ఇంజనీరుతో నేల బలం పరీక్ష చేయిస్తున్నట్లయితే మాత్రం దాని నివేదిక తెప్పించుకోండి. అందులోని బరువు మోసే లెక్కలు మనకు అక్కరలేదు గాని, ఏ లోతులో ఏ పొర తగిలిందో, నీరు ఎక్కడ కనిపించిందో, ఏ తేదీన కనిపించిందో అందులో రాసి ఉంటుంది.

ఇక మీరు మే నెలలో చేసిన పరీక్ష. మెరక మూడడుగులు, గుంత ఒక అడుగు. అంటే మీరు నీళ్లు పోసింది గ్రావెల్‌లో, అసలు నేలను మీ గుంత తాకనే లేదు. తోలించిన మట్టి వదులుగా ఉండి కొంత నీటిని తీసుకుంటుంది, ఆ నీరు కిందకు దిగి నల్లమట్టి పైభాగాన ఆగి, అక్కడినుంచి పక్కలకు పాకుతుంది. బిందెడు నీళ్లకు ఇది తెలియదు. రోజూ ఐదుగురి నీరు చేరుతుంటే కొన్ని వారాల్లో మెరక అంచున తడి కనిపించడం మొదలవుతుంది, వానాకాలంలో అది పక్క చేలోకి ఊరుతుంది.

గుంతను ఇంకా లోతుగా తీసి నల్లమట్టి దాకా వెళ్లి ఉన్నా, మే నెల పరీక్ష మిమ్మల్ని మరో విధంగా మోసగించేది. రేగడిలోని బంకమట్టి రకం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలంలో పోసిన నీరు మట్టిలోకి ఇంకదు, నెర్రెల్లోకి జారిపోతుంది. రెండు రోజులు వరసగా తడిపిన తర్వాత అదే గుంతలో అదే నీరు కదలకుండా నిలబడుతుంది. మీ ప్రాంతంలో దీనికి మరొకటి తోడవుతుంది. వేసవిలో కాలువలు కట్టేసి, చేలు ఎండి ఉన్నప్పుడు ఊట బాగా కిందికి పోతుంది. కాలువకు నీరు వదిలి, నాట్లు పడి, ఈశాన్య రుతుపవనాల వానలు కలిసే అక్టోబరు, నవంబరు నెలల్లో చుట్టూ ఉన్న చేలల్లో నీరు నిలిచి ఉంటుంది, ఊట మీ పాత పొలం మట్టానికి దాదాపు సమానంగా లేచి వస్తుంది. మీ స్థలం మెరక మూడడుగులే గనుక, ఆ రోజుల్లో మీ పాదాల కింద మూడు, నాలుగడుగుల లోతునే నీరు ఉండవచ్చునని నా అంచనా. డెల్టాలో మే నెలలో నేలను పరీక్షించి నిర్ణయం తీసుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఊట మట్టాన్ని తెలుసుకోవడానికి ఖరీదైన ఏర్పాటేమీ అక్కరలేదు. ట్యాంకు నీరు వదలాలనుకున్న చోట బరమాతో ఏడెనిమిది అడుగుల లోతు రంధ్రం వేయించి, అందులో చిన్న రంధ్రాలు పొడిచిన పీవీసీ గొట్టాన్ని నిలబెట్టి, చుట్టూ పిల్ల కంకర పోసి, పైన మూత బిగించండి. వాన నీరు పైనుంచి దిగకుండా గొట్టం చుట్టూ నేల దగ్గర మట్టి దట్టించాలి. వారానికి ఒకసారి టేపు దించి నీరు ఎంత లోతున ఉందో తేదీతో సహా రాసుకోండి, వానలు పడుతున్నప్పుడు మరికొన్నిసార్లు చూడండి. ఇప్పుడు మొదలుపెడితే కార్తీకం నాటికి మీ స్థలం గురించి మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఊళ్లో పాత దిగుడుబావో, వాడకం లేని బావో ఉంటే దాని గోడ మీద వానాకాలపు నీటి గుర్తులు చూడండి. రాష్ట్ర భూగర్భ జల శాఖవారు నీటి మట్టాన్ని కొలవడానికి చాలాచోట్ల పీజోమీటర్లు ఏర్పాటు చేశారు. మీ మండలంలోని కొలతలు గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటు ద్వారానో, నేరుగా జిల్లా కార్యాలయం నుంచో అడిగి తెలుసుకోవచ్చు. కానీ అది మీ మండలం మట్టం, మీ పెరడు మట్టం కాదు.

రంధ్రం వేసేటప్పుడు పైకి వచ్చే మట్టిని పారేయవద్దు. అడుగుకు ఒక కుప్పగా, వచ్చిన వరుసలోనే గోనెపట్టా మీద పరిపించండి. నీరు ఏడాదిలో కొన్ని నెలలైనా నిలిచి ఉండే పొరలో మట్టి బూడిద రంగుకు తిరిగి ఉంటుంది, అందులో అక్కడక్కడ తుప్పు రంగు మచ్చలు, చారలు కనిపిస్తాయి. నీటిలో మునిగి గాలి అందనప్పుడు మట్టిలోని ఇనుము కరిగి కదలడం, నీరు దిగి గాలి తగిలినప్పుడు తుప్పుగా మారి గడ్డకట్టడం దీనికి కారణం. ఈ మచ్చలు మొదలైన లోతే వానాకాలపు ఊట ఎంతవరకు వస్తుందో చెప్పే గుర్తు, దీన్ని మే నెలలో కూడా చదవవచ్చు. అయితే దశాబ్దాల తరబడి వరి పండిన నేలలో, నిలవగట్టిన నీటి వల్ల పై పొరలోనూ ఇలాంటి మచ్చలు ఉంటాయి కాబట్టి, మీ చోట గొట్టంలోని కొలతతో పోల్చి చూసుకోవాలి. ప్రతి కుప్పనుంచీ గుప్పెడు మట్టి తీసుకుని, తడిపి, పిసికి, అరచేతుల మధ్య తాడులా చేయండి. తాడే కానిది ఇసుక పాలు ఎక్కువ ఉన్నది, తాడై వంచగానే విరిగేది మధ్యరకం, సన్నని తాడై ఉంగరంలా చుట్టినా పగలనిది బంకమన్ను. ఈ చివరి రకం తగిలిన పొరలో ఇంకుడు గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ అబ్బాయి చెప్పిన పరీక్ష సంగతి. నీరు ఇంకే వేగాన్ని గుంతలో కొలిచే ఈ పద్ధతిని 1920లలో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజనీరు రూపొందించారు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ సెప్టిక్ ట్యాంకుల కోసం వెలువరించిన ఐఎస్ 2470 రెండో భాగంలో, 1985 నాటి ప్రతిలో, ఈ పరీక్షా విధానం వివరంగా ఉంది. మన పల్లెల్లో దీన్ని అడిగేవారు తక్కువ గనుక ఇది అమెరికా పద్ధతి అనుకుంటాం. ఆ మాటకొస్తే మీ అబ్బాయి ఉంటున్న టెక్సస్‌లో ఇప్పుడు గుంతలో నీరు కొలవడం కంటే, నేల పొరలను తవ్వి చూసి మట్టి తరగతిని బట్టి నిర్ణయించే విధానమే అమల్లో ఉంది. రెండూ చేయడం మనకు మేలు.

పరీక్షకు స్థలంలో కనీసం మూడు చోట్ల గుంతలు తీయండి, ఒక్క గుంత ఎలుక బొరియకో పాత వేరు దారికో తగిలి తప్పుడు లెక్క ఇవ్వవచ్చు. గుంత వెడల్పు 10 నుంచి 30 సెంటీమీటర్లు, గోడలు నిట్టనిలువుగా ఉండాలి, లోతు మీరు వేయబోయే ఇంకుడు కందకం (ట్యాంకు నీటిని నేలలోకి ఇంకించే పొడవాటి తవ్వకం) అడుగు ఎంత లోతున ఉంటుందో అంత. మీ స్థలానికి రెండు లోతులు అవసరం: రెండడుగుల దగ్గర మెరకలో ఒక వరుస, మెరక దాటి నల్లమట్టిలోకి జానెడు దిగేలా మరో వరుస. పార, బరమా తగిలినచోట తడిమట్టి మెత్తుకుపోయి గోడకు పూత పూసినట్లవుతుంది, ఆ పూతను మొనదేలిన ఇనుప చువ్వతో గీకి తీసేసి, రాలిన మట్టిని ఎత్తేయాలి. అడుగున 5 సెంటీమీటర్ల మందాన పిల్ల కంకర పరచాలి.

తర్వాతి మెట్టును మన వాళ్లు దాటవేస్తారు, అసలు పరీక్ష అంతా దానిలోనే ఉంది. కంకరకు పైన కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు పోసి 24 గంటలు నాననివ్వాలి. నేల ఉబ్బవలసినంత ఉబ్బి, వానాకాలంలో ఎలా ఉంటుందో ఆ స్థితికి రావాలన్నది దీని ఉద్దేశం. ఎండి నెర్రెలిచ్చిన రేగడిలో 24 గంటలు చాలవని నా అభిప్రాయం, నీరు తగ్గినప్పుడల్లా పోస్తూ రెండు మూడు రోజులు తడిగా ఉంచండి. మరునాడు గుంతలో నీరు మిగిలి ఉంటే, కంకర పైన 15 సెంటీమీటర్లకు మట్టాన్ని సరిచేసి, 30 నిమిషాలలో ఎంత తగ్గిందో కొలవాలి. మిగలకపోతే 15 సెంటీమీటర్లకు నింపి, అవసరమైనప్పుడల్లా మళ్లీ నింపుతూ, నాలుగు గంటలపాటు ప్రతి 30 నిమిషాలకూ కొలిచి, చివరి 30 నిమిషాల లెక్కను మాత్రమే తీసుకోవాలి. ఇసుక నేలల్లో అర్ధగంట లోపే ఆ నీరంతా పోతుంటే, పది నిమిషాలకొకసారి చొప్పున గంటసేపు కొలిచి చివరి పది నిమిషాల లెక్క తీసుకోవాలి. గుంత మీద అడ్డంగా ఒక తిన్నని రీపరు పెట్టి, దాని మీద గీసిన ఒకే గుర్తు నుంచి స్కేలు దించి నీటి మట్టాన్ని చూస్తే కొలత తేడా రాదు. నీరు ఒక అంగుళం, అంటే 2.5 సెంటీమీటర్లు, తగ్గడానికి పట్టే నిమిషాలే ఆ నేల ఇంకుడు రేటు.

ఉదాహరణకు చివరి 30 నిమిషాలలో 3 సెంటీమీటర్లు తగ్గిందనుకుందాం. అంగుళానికి 25 నిమిషాలు పట్టినట్లు. ఐఎస్ 2470లోని సూత్రం ప్రకారం 204ను ఈ నిమిషాల వర్గమూలంతో భాగిస్తే, చదరపు మీటరుకు రోజుకు ఎన్ని లీటర్ల ట్యాంకు నీరు వదలవచ్చో వస్తుంది. 25కు వర్గమూలం 5, కనుక సుమారు 41 లీటర్లు. మీ ఐదుగురి మరుగుదొడ్డి నీరు మాత్రమే, మనిషికి రోజుకు 50 లీటర్ల చొప్పున 250 లీటర్లనుకుంటే, 6.1 చదరపు మీటర్ల కందకం అడుగు కావాలి. 60 సెంటీమీటర్ల వెడల్పున తవ్వితే పొడవు 10 మీటర్ల పైచిలుకు. స్నానం, వంటింటి నీరు కూడా అందులోకే వదిలి మనిషికి 100 లీటర్లు చేస్తే ఆ పొడవు రెట్టింపై, ఒకదానికొకటి కనీసం 1.8 మీటర్ల ఎడంగా రెండు కందకాలు కావాలి. 15 సెంట్లలో చోటుకు కొరత లేదు గాని, వంటింటి, స్నానాల నీటిని వేరుగా అరటి, కొబ్బరి పాదులకు మళ్లిస్తే కందకం మీద భారం సగానికి తగ్గుతుంది.

ఈ లెక్కలో మీరు గమనించవలసింది ఒకటుంది. అంగుళానికి 25 నిమిషాల వేగంతో మంచినీరు ఇంకితే, చదరపు మీటరుకు రోజుకు 1440 లీటర్లు దిగినట్లు. సూత్రం మనకు అనుమతిస్తున్నది అందులో సుమారు 35వ వంతు మాత్రమే. బిందెతో పోసినది బావినీరు, ట్యాంకు నుంచి వచ్చేది మలినం నిండిన నీరు. ఆ మలినం కందకం అడుగున, గోడల మీద జిగటగా పొర కట్టి రంధ్రాలను మూసుకుంటూ పోతుంది. కొన్ని నెలల తర్వాత నేల తీసుకునేది తొలినాటి వేగంలో చిన్న భాగమే. మీ బిందెడు నీళ్ల పరీక్షను నమ్మి చిన్న గుంతతో సరిపెడితే, మొదటి ఏడాది చక్కగా పనిచేసి, రెండో ఏడాదో మూడో ఏడాదో మరుగుదొడ్డిలోకి వెనక్కి తన్నేది ఇందుకే.

అంగుళానికి 30 నిమిషాలకు మించితే ఇంకుడు గుంత పనికిరాదు, 60 నిమిషాలకు మించితే ఏ రకమైన ఇంకుడు ఏర్పాటూ పనికిరాదు. ఐఎస్ 2470 ఈ వేగాన్ని ఊట మట్టంతో కలిపి చూడమంటుంది. వేగం 30 నిమిషాల లోపే ఉండి, ఊట నేలకు 180 సెంటీమీటర్ల కంటే లోతుగా ఉంటే గుంత గాని కందకం గాని వేసుకోవచ్చు. వేగం బాగున్నా ఊట ఆరడుగుల లోపుకు వస్తుంటే, కందకాన్ని కొంత భాగమో మొత్తమో నేలకు పైన మట్టిదిబ్బలో కట్టాలి. వేగం 30కి, 60కి మధ్య ఉంటే కంకర నింపిన వడపోత ఏర్పాటు చేసి, అందులోంచి వచ్చిన నీటిని మురుగు కాలువకో తోటకో వదలాలి. ఊట కూడా పైన ఉన్నచోట, నీరు కిందినుంచి పైకి కంకర గుండా ఎక్కే వడపోత గదిని సెప్టిక్ ట్యాంకుకు అనుబంధంగా, నేలకు పైన కట్టడం నయం. దాని నుంచి వచ్చిన నీటిలోనూ క్రిములు ఉంటాయి, పూలమొక్కలకు, అరటికి పెట్టవచ్చు గాని ఆకుకూరల మడికి పెట్టకూడదు.

మీ స్థలం వివరాలు చదివిన మీదట, పరీక్ష జరగక ముందే నాకు కనిపిస్తున్నది ఇది: ఊట తప్పకుండా ఆరడుగుల లోపుకు వస్తుంది, నల్లమట్టి బహుశా 60 నిమిషాలు దాటుతుంది, మెరక మాత్రం ఓ మాదిరిగా ఇంకిస్తుంది. అదే నిజమైతే మీకు మట్టిదిబ్బ మీది కందకమో, పైకి ఎక్కే వడపోతో తప్పదు, వరల గుంత ఏ లోతులోనూ పనికిరాదు. నా అంచనా తప్పని కార్తీకంలో మీ కొలతలు చూపిస్తే సంతోషిస్తాను, మీకు ఖర్చు తగ్గుతుంది.

శంకుస్థాపనకు ముందే తేల్చుకోవలసినది ఇక్కడే వస్తుంది, దీని గురించి మీకు మేస్త్రీ గాని అబ్బాయి గాని చెప్పినట్లు లేదు. నేలకు పైన కట్టే దిబ్బలోకో వడపోతలోకో నీరు తనంతట తాను చేరాలంటే, మరుగుదొడ్డి నేలమట్టం, దాని వెంట ట్యాంకు మూతి, ఆ ఎత్తుకు తగ్గట్టు పైన ఉండాలి. బేస్‌మెంట్ ఎత్తు ఒకసారి ఖరారై గోడలు లేచాక, తర్వాత తేలిన ఇంకుడు రేటును బట్టి ట్యాంకును పైకి లేపడం కుదరదు. అప్పుడు మోటారు పెట్టి నీటిని ఎక్కించాలి, కరెంటు పోయినప్పుడల్లా అవస్థ. ఇల్లు ఎలాగూ వరద మట్టానికి పైన ఉండాలి కాబట్టి, ఇంకో అడుగున్నర ఎత్తు పెంచడానికయ్యే ఖర్చు ఇప్పుడు భరించడమే తెలివైన పని. శ్రావణం ముహూర్తాన్ని మార్చుకోనక్కరలేదు. పునాది వేయండి, గోడలు లేపండి, ట్యాంకుకు, కందకానికి ఉద్దేశించిన చోటును మాత్రం తాడు కట్టి వదిలేయండి. ఇసుక, ఇటుక లారీలు ఆ చోటు మీదుగా తిరగనివ్వవద్దు. బరువైన చక్రాలు రెండుసార్లు తొక్కిన తడి మెరక మళ్లీ నీటిని తీసుకోవడం కష్టం, అప్పుడు మీ పరీక్షకు అర్థం ఉండదు.

ఆ చోటును ఎంచుకునేటప్పుడు తాగునీటి ఆధారానికి కనీసం 18 మీటర్లు, ఇంటి గోడకు కనీసం 6 మీటర్లు ఎడం ఉండాలని ప్రమాణం చెబుతుంది. పక్కింటి చేతిపంపు మీ హద్దుకు ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు, ముందు అది కొలవండి, ఆ పంపుకు వీలైనంత దూరంగా ఉన్న మూలనే ఎంచుకోండి. 18 మీటర్లన్నది మట్టి గుండా వడకట్టబడుతూ వచ్చే నీటికి చెప్పిన దూరం, నీటితో నిండిన ఇసుకలోకి నేరుగా దించిన మురుగుకు అది రక్షణ కాదు. నైట్రేట్ సంగతి వేరే చెప్పాలి. క్రిములను నేల పట్టుకున్నా నైట్రేట్ నీటితోపాటే కదిలిపోతుంది, కాచినా పోదు, క్లోరిన్ వేసినా పోదు, పసిబిడ్డలకు ప్రమాదం. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. ఇల్లు కట్టకముందే ఆ చేతిపంపు నీటిని ఒకసారి పరీక్షకు పంపించి కాగితం దగ్గర పెట్టుకుంటే, రేపు ఇరుగుపొరుగుల మధ్య మాట వచ్చినప్పుడు ఇద్దరికీ మేలు.

మీ శ్రీమతిగారి ప్రశ్న చిన్నదిగా కనిపించినా న్యాయమైనది. ఒక గుంత నిండగానే దాన్ని మూసి రెండోదాన్ని వాడుకునే ఈ రెండు గుంతల పద్ధతి మంచిదే. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో, అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువుగా మారిన పదార్థాన్ని తీసి చూపించారు. మూసి ఉంచిన గుంత ఎండి, లోపలిది మట్టిలా మారింది కాబట్టే అది సాధ్యమైంది. ఊట గుంతలోకి ఎక్కే చోట అది ఎండదు, ఎరువు కాదు. ఆ పద్ధతిలోనూ నీరు గుంత గోడల నుంచి నేలలోకే ఇంకాలి గనుక, సెప్టిక్ ట్యాంకుకు అడిగిన ప్రశ్నలే దానికీ అడగాలి. మీ స్థలంలో నేల మట్టానికి కింద రెండు గుంతలు నేను సిఫారసు చేయను.

పరీక్షకు తీసిన గుంతలను, బరమా రంధ్రాలను పిల్లలు, పశువులు తిరిగే చోట మూత లేకుండా వదలవద్దు. పొరలు చూడటానికి జేసీబీతో పెద్ద గుంత తీయిస్తే, ఐదడుగులు దాటినదానిలోకి ఎవరినీ దించకండి. మెరక మట్టి గోడ చెప్పకుండా కూలుతుంది. బకెట్టుతో పైకి వచ్చిన మట్టిని ఒడ్డున చూస్తే చాలు.

మేస్త్రీతో తగవు పెట్టుకోవలసిన పని లేదు. ట్యాంకు నీరు కారకుండా కట్టడం అతని చేతిలోని విద్య, మీ చోట అదే చాలా అవసరం. కనీసం వెయ్యి లీటర్ల నీరు పట్టేలా, నీటి లోతు మీటరుకు తగ్గకుండా, వెడల్పు 75 సెంటీమీటర్లకు తగ్గకుండా, పొడవు వెడల్పుకు రెండింతల నుంచి నాలుగింతల లోపు ఉండేలా కట్టమనండి. మీ ఇంటికి, పండుగలకు వచ్చే చుట్టాలను కలుపుకుని, పదిమందికి సరిపడేలా 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు పెట్టించడం మంచిది. లోపల, బయట రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించి, మట్టి కప్పకముందే నిండా నీరు పోయించి, 24 గంటల తర్వాత మట్టం తగ్గలేదని చూసుకున్నాకే మిగిలిన కూలి లెక్క తేల్చండి. ఆ నీటిని తోడేయవద్దు. ఊట పైకి ఉన్న నెలల్లో ఖాళీ ట్యాంకును నేలలోని నీరు పైకి ఎత్తి పగలగొడుతుంది, అందువల్ల తర్వాతి కాలంలో పూడిక తీయించేటప్పుడు కూడా కాలువలు కట్టేసిన వేసవి నెలల్లోనే, మనిషిని దించకుండా, ట్యాంకరు యంత్రంతో తీయించండి.